అమెరికా దక్షిణాదితో మన పోలిక చెల్లదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సంపాదక పుటలో కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద వచ్చిన వ్యాసాన్ని, ఒకప్పుడు నా దగ్గర చదువుకుని ఇప్పుడు తానే చరిత్ర పాఠాలు చెబుతున్న శిష్యుడొకరు ఫోన్ చేసి మరీ చదవమంటే, రెండుసార్లు చదివాను. పన్నుల వాటాలో దక్షిణాది రాష్ట్రాలకు జరుగుతున్న నష్టం గురించి, జనాభాను అదుపు చేసుకున్న పాపానికి రేపు నియోజకవర్గాల పునర్విభజనలో సీట్లు పోగొట్టుకోవలసి వస్తుందేమోనన్న భయం గురించి వ్యాసకర్త రాసినదానిలో చాలా భాగంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా చివరి రెండు పేరాలతోనే. 1861 నాటి అంతర్యుద్ధంలో అమెరికా దక్షిణాది రాష్ట్రాలు సుంకాల భారం మోయలేక, రాష్ట్రాల హక్కుల కోసం కేంద్రం మీద తిరగబడ్డాయనీ, బానిసత్వమన్నది ఉత్తరాది ఆ తర్వాత తగిలించిన సాకు మాత్రమేననీ, దక్షిణాది మాట చెవిన పెట్టకపోతే ఏమవుతుందో ఢిల్లీ ఆ చరిత్ర చూసి తెలుసుకోవాలనీ ఆయన ముగించారు. ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలల్లో చరిత్ర చెప్పి విరమించిన వాణ్ణి కనుక ఈ మాటను చూసీ చూడనట్టు వదిలేయలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే కత్తిరించే అధికారం మీకు ఎలాగూ ఉంది. తేదీలను మాత్రం కత్తిరించవద్దని మనవి, ఎందుకంటే నా వాదన అంతా వాటి మీదే నిలబడి ఉంది.

వ్యాసకర్తను తప్పుపట్టే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే చెప్పాను. నాకు సంక్రమించిన నోట్సులో ‘అంతర్యుద్ధానికి కారణాలు’ అన్న శీర్షిక కింద ఒకటి సుంకాలు, రెండు రాష్ట్రాల హక్కులు, మూడు ఆర్థిక వ్యత్యాసాలు, నాలుగు బానిసత్వం అని వరుసగా ఉండేవి. నేను బోర్డు మీద రాసేవాణ్ణి, పిల్లలు ఎక్కించుకునేవారు, పరీక్షలో అదే వరుస అదే భాషలో తిరిగి నా ముందుకే దిద్దడానికి వచ్చేది. ఒకరోజు క్లాసు అయిపోయాక, నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు డస్టర్ అందిస్తూ, ‘సార్, నలభై లక్షల మంది బానిసలని రాయించిండ్రు గదా, వాళ్లల్ల ఒక్కలు చెప్పిన మాట గూడ మన నోట్సుల లేదేంది సార్?’ అని అడిగాడు. వాళ్ల తాత దొర గడీలో వెట్టి చేసినవాడని అతని ద్వారానే తర్వాత తెలిసింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక, ఆ వేసవి సెలవులంతా ఉస్మానియా క్యాంపస్‌లోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌లో కూర్చున్నాను. 1964లో నెలకొల్పిన ఆ కేంద్రంలో అమెరికా చరిత్ర మీద ఉన్నన్ని పుస్తకాలు ఆ రోజుల్లో మన దేశంలో మరెక్కడా ఒకచోట దొరికేవి కావు. నాచారం నుంచి సైకిల్ మీద వెళ్లేవాణ్ణి. లోపల చల్లగా ఉండేదన్నది కూడా ఒక కారణమేనని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

అక్కడ నన్ను నిలవేసినవి చరిత్రకారుల అభిప్రాయాల కంటే ముందు, విడిపోయిన రాష్ట్రాలు విడిపోతూ తమ చేత్తో తామే రాసుకున్న కాగితాలు. సౌత్ కరోలినా 1860 డిసెంబరు 20న సమాఖ్య నుంచి వైదొలగుతున్నట్టు తీర్మానించి, నాలుగు రోజుల తర్వాత, తాను ఎందుకు వైదొలగుతున్నదో లోకానికి చెప్పుకుంటూ కారణాల ప్రకటనను ఆమోదించింది. అది కేంద్రం పెత్తనం మీద తిరుగుబాటే అయితే ఫిర్యాదు కేంద్రం మీద ఉండాలి. తీరా చదివితే, ఫిర్యాదులో బరువైన భాగం సాటి రాష్ట్రాల మీద ఉంది. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలని రాజ్యాంగం చెబుతుంటే మెయిన్, వెర్మాంట్, మసాచుసెట్స్, న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఇల్లినాయిస్ లాంటి రాష్ట్రాలు ఆ పని జరగకుండా తమ శాసనసభల్లో చట్టాలు చేసుకున్నాయని పేరు పేరునా ఏకరువు పెట్టారు. బానిసను వెంటబెట్టుకుని తమ గడ్డ మీదుగా ప్రయాణించే హక్కును సైతం న్యూయార్క్ న్యాయస్థానాలు ఒప్పుకోలేదని వాపోయారు. అంటే ఉత్తరాది రాష్ట్రాలు తమ రాష్ట్రపు హక్కును తాము వాడుకోవడమే వాళ్ల కంట్లో నలుసైంది. 1850 నాటి పరారీ బానిసల చట్టాన్ని పట్టుబట్టి తెప్పించుకున్నది కూడా ఈ దక్షిణాదే. కేంద్ర ప్రభుత్వ అధికారులు ఏ రాష్ట్రంలోకైనా వెళ్లి మనుషులను పట్టుకోవచ్చుననీ, అవసరమైతే దారిన పోయేవాణ్ణి కూడా ఆ వేటలో సాయానికి పిలవవచ్చుననీ చెప్పిన చట్టమది. కేంద్రం తమ గుప్పిట్లో ఉన్నంతకాలం బలమైన కేంద్రం మీద వాళ్లకు ఏ అభ్యంతరమూ లేదు.

మిసిసిపీ ఇంకా సూటిగా మాట్లాడింది. తన ప్రకటనలో రెండో వాక్యానికే, తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉన్నదనీ, ప్రపంచంలోకెల్లా అతి పెద్ద ఆర్థిక ప్రయోజనం అదేననీ చెప్పేసింది. జార్జియా ప్రకటనలో ఉత్తరాది వర్తక ప్రయోజనాల గురించి కొంత చర్చ ఉంది, దాన్ని దాచనక్కర్లేదు; అయితే గత పదేళ్లుగా తమకున్న ఫిర్యాదులు ఆఫ్రికన్ బానిసత్వానికి సంబంధించినవని అదీ మొదట్లోనే ఒప్పుకుంది.

ఇక సుంకాల సంగతి. 1832లో దిగుమతి సుంకాల మీద సౌత్ కరోలినా నిజంగానే కేంద్రాన్ని ధిక్కరించింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఆ పాత గొడవను తెచ్చి ముప్పై ఏళ్ల తర్వాతి యుద్ధానికి అతికించడంలోనే చిక్కంతా ఉంది. 1857లో సుంకాలు తగ్గాయి, ఆ చట్టానికి దక్షిణాది సభ్యులు మద్దతిచ్చారు. సుంకాలు మళ్లీ పెంచిన మోరిల్ చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టింది 1861 మార్చి 2న. అప్పటికే ఏడు రాష్ట్రాలు విడిపోతున్నట్టు తీర్మానించాయి, వాటి ప్రతినిధుల్లో చాలామంది కాంగ్రెస్ వదిలి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లిపోవడం వల్లనే ఆ చట్టానికి అడ్డు తొలగింది కూడా. ఫలితాన్ని కారణమని చూపిస్తే మా కాలంలో మార్కులు కోసేవాళ్లం.

విడిపోయిన రాష్ట్రాలు పెట్టుకున్న ప్రభుత్వానికి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న జార్జియాలోని సవానా పట్టణంలో మాట్లాడుతూ, నల్లజాతి మనిషి తెల్లవాడితో సమానుడు కాడన్న నమ్మకమే తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. యుద్ధంలో ఓడిపోయాక అదే మనిషి రెండు సంపుటాల గ్రంథం రాసి, గొడవంతా ప్రభుత్వ స్వభావం గురించే, సమాఖ్యా లేక ఏకకేంద్ర రాజ్యమా అన్నదాని గురించేనని వాదించాడు. మీ వ్యాసకర్త నమ్మింది ఈ రెండో స్టీఫెన్స్‌ను. ఆ 1861 మార్చిలోనే ఆమోదించిన కాన్ఫెడరేట్ రాజ్యాంగాన్ని, అంటే విడిపోయిన రాష్ట్రాల ఉమ్మడి రాజ్యాంగాన్ని, తిరగేసినా విషయం తేలిపోతుంది: నల్ల బానిసల మీద ఆస్తి హక్కును కాదనే చట్టమేదీ చేయరాదని అందులో నిషేధం పెట్టారు; కొత్తగా కలిసే భూభాగాల్లో బానిసత్వాన్ని గుర్తించి కాపాడి తీరాలన్నారు. రాష్ట్రాల స్వేచ్ఛ కోసం ప్రాణాలొడ్డామన్నవాళ్లు, ఆ కొత్త భూభాగాల ప్రజలకు బానిసత్వం వద్దనుకునే స్వేచ్ఛను మాత్రం ఇవ్వలేదు.

సీట్ల లెక్క గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే పునర్విభజన భయంతోనే ఆ పోలిక మొదలైంది. 1787 రాజ్యాంగంలో ప్రతినిధుల సభ సీట్లు పంచడానికి జనాభా లెక్క కట్టేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించాలని రాసుకున్నారు. చిత్రమేమిటంటే ఆ రాజ్యాంగంలో బానిస అన్న మాట ఎక్కడా రాదు, ‘ఇతర వ్యక్తులు’ అని రాసి ఊరుకున్నారు. మన విద్యార్థులు దీన్ని చదివి, నల్లవాణ్ణి మనిషిలో ఐదింట మూడు వంతులుగా చూశారు కాబట్టి పూర్తిగా లెక్కించాలని కోరినవాళ్లు మంచివాళ్లని అనుకుంటారు. నిజానికి పూర్తిగా లెక్కించాలని పట్టుబట్టింది యజమానులే. బానిసకు ఓటు లేదు, నోరు లేదు; అతని తల మాత్రం లెక్కకు పనికొచ్చి, అతణ్ణి కొన్నవాడికి అదనపు సీట్లు, అధ్యక్ష ఎన్నికలో అదనపు ఓట్లు తెచ్చిపెట్టేది. 1860 జనగణన ప్రకారం సౌత్ కరోలినాలో నూటికి 57 మంది, మిసిసిపీలో 55 మంది బానిసలు. పిల్లలను తక్కువగా కని, చదివించుకుని, అందుకు శిక్షగా సీట్లు పోతాయేమోనని భయపడుతున్న తెలుగు రాష్ట్రాలను, సంకెళ్లలో ఉన్న మనుషులను లెక్క చూపించి డెబ్భై ఏళ్లు ఎక్కువ సీట్లు అనుభవించిన రాష్ట్రాల పక్కన నిలబెట్టడం మన వాదానికి మేలు చేస్తుందా? రేపు ఢిల్లీలో ఎవరైనా చదువుకున్నవాడు ఈ పోలికను పట్టుకుంటే మనవాళ్లు తల ఎక్కడ పెట్టుకుంటారు?

అయితే ఉత్తరాది ధర్మరాజులా యుద్ధానికి దిగిందని చెబితే అది ఇంకో అబద్ధం. దక్షిణాది ఎందుకు విడిపోయింది, ఉత్తరాది ఎందుకు పోరాడింది అన్నవి రెండు వేరు వేరు ప్రశ్నలు. వాటిని కలిపేయడం వల్లనే సగం గందరగోళం పుట్టింది. లింకన్ 1861 మార్చి 4న ప్రమాణ స్వీకారం చేస్తూ, ఉన్నచోట ఉన్న బానిసత్వం జోలికి తాను వెళ్లనన్నాడు. 1862 ఆగస్టులో పత్రికా సంపాదకుడు హోరేస్ గ్రీలీకి రాసిన లేఖలో, ఒక్క బానిసనూ విడిపించకుండా సమాఖ్యను కాపాడగలిగితే అలాగే చేస్తానన్నాడు. మిస్సోరి, కెంటకీ, మేరీలాండ్, డెలావేర్ బానిసలను ఉంచుకుంటూనే ఉత్తరాది పక్షాన ఉన్నాయి. 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన వాటికి వర్తించలేదు. 1863 జులైలో న్యూయార్క్‌లో సైన్యంలో నిర్బంధ భర్తీకి వ్యతిరేకంగా లేచిన జనం నల్లవాళ్లను వెతికి వెతికి చంపారు. పత్తి అమ్మకాల మీద బతికిన న్యూయార్క్ వర్తకులు ఎవరి పక్షమో వేరే చెప్పాలా? 1860 నాటికి అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే మరి.

మరి సమాఖ్య కోసం మొదలైన యుద్ధం విముక్తి యుద్ధంగా ఎలా మారింది? నా పాత నోట్సులో లేనిది, ఆ కుర్రాడు అడిగినది సరిగ్గా ఇక్కడే ఉంది. 1861 మే 23 రాత్రి వర్జీనియాలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు చిన్న పడవ వేసుకుని నీళ్లు దాటి, ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న మన్రో కోటకు చేరారు. వాళ్లతో అంతవరకూ అవతలి ఒడ్డున కాన్ఫెడరేట్ ఫిరంగుల కోసం దిబ్బ కట్టిస్తున్నారు. యజమాని తరఫున ఒక అధికారి తెల్లజెండా పట్టుకుని వచ్చి, పరారీ బానిసల చట్టం ప్రకారం మా మనుషులను మాకు అప్పగించండి అన్నాడు. కోట అధిపతి జనరల్ బట్లర్ వృత్తిరీత్యా వకీలు. మీ వర్జీనియా తనది పరాయి దేశమంటున్నది కదా, పరాయి దేశానికి మా చట్టం ఎలా వర్తిస్తుందని అడిగి, శత్రువు యుద్ధానికి వాడుకుంటున్న సొత్తు గనుక జప్తు చేస్తున్నానన్నాడు. మనుషులను సొత్తు అన్న యజమాని మాటనే తిప్పి అతని మెడకు చుట్టాడన్నమాట. రోజులు గడవకముందే ఆ కోటకు ఆడామగా, పిల్లాపాపలతో వందల మంది వచ్చిపడ్డారు. ఆగస్టులో కాంగ్రెస్ ఈ జప్తుకు చట్టం చేసింది. యుద్ధం ముగిసేసరికి సుమారు 1,80,000 మంది నల్లవాళ్లు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు, వాళ్లలో ఎక్కువమంది బానిస రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. లింకన్ కలం కదలకముందే ఆ ముగ్గురి కాళ్లు కదిలాయి.

ఇదంతా ఇప్పుడు ప్రపంచమంతటా కాలేజీ పాఠాల్లో ఉంది. అయినా హైదరాబాద్‌లో కూర్చుని ఒక చదువుకున్న వ్యాసకర్త పాత కథే ఎందుకు నమ్మారు? ఆ కథను ఎలా కట్టారో తెలిస్తే ఆయన మీద కోపం కొంత తగ్గుతుంది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, 1866లో, రిచ్మండ్ పత్రికా రచయిత ఎడ్వర్డ్ పొలార్డ్ ఓడిన పక్షానికి వీరగాథ లాంటి చరిత్ర రాసిపెట్టాడు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం డన్నింగ్, ఆయన శిష్యులు, యుద్ధం తర్వాత నల్లవాళ్లకు ఓటు ఇవ్వడమే పెద్ద పొరపాటని విశ్వవిద్యాలయ ముద్ర వేసి మరీ ప్రచారం చేశారు. ఓడిన సైనికుల కుమార్తెల సంఘం 1920 ప్రాంతంలో పాఠ్యపుస్తకాలకు ఒక కొలబద్ద అచ్చువేసి పంచింది. దక్షిణాది బానిసలను నిలుపుకోవడానికి పోరాడిందని చెప్పే పుస్తకాన్ని తిరస్కరించండి, యజమాని క్రూరుడని రాసిన పుస్తకాన్ని తిరస్కరించండి అని అందులో నియమాలు. యుద్ధంలో ఓడినవాళ్లు పాఠ్యపుస్తకంలో గెలిచారు. ఆ పుస్తకాలను చూసి రాసిన పుస్తకాలు, వాటిని చూసి రాసిన గైడ్లు, గైడ్లను చూసి రాసిన నోట్సులు, అలా దొంతర మీద దొంతరగా మన దాకా వచ్చాయి.

దాన్ని మొదట గట్టిగా కదిపినవాడు నల్లజాతి చరిత్రకారుడు డబ్ల్యూ.ఇ.బి. డుబాయ్. 1935లో ఆయన వెలువరించిన పెద్ద గ్రంథంలో, పొలాలు వదిలి ఉత్తరాది సైన్యం వైపు నడిచిన లక్షలాది బానిసలది సార్వత్రిక సమ్మె అన్నాడు. అమెరికా చరిత్రకారుల ప్రధాన పత్రిక ఆ పుస్తకానికి సమీక్ష కూడా వేయలేదు. మరో ఇరవై నుంచి యాభై ఏళ్లకు గానీ మిగతావాళ్లు ఆయన దారికి రాలేదు: 1956లో కెనెత్ స్టాంప్ బానిసత్వం మీద, 1988లో ఎరిక్ ఫోనర్ యుద్ధానంతర కాలం మీద రాసిన పుస్తకాలతో పాత బడి దాదాపు మూతపడింది. ఇక్కడ మన వైపు నుంచి ఒక సంగతి: డన్నింగ్ కొలంబియాలో పాఠాలు చెబుతున్న ఆ కాలంలోనే, 1913 నుంచి 1916 దాకా, అంబేడ్కర్ అక్కడ విద్యార్థి. ముప్పై ఏళ్ల తర్వాత, 1946లో, ఆయన ఉత్తరం రాసింది డుబాయ్‌కి. నల్లవారు ఐక్యరాజ్య సమితికి ఇచ్చిన విజ్ఞాపన ప్రతులు పంపమని కోరాడు.

పరిశోధన అంటే అభిప్రాయాలు మారడం అనుకునేవాళ్ల కోసం ఒక కాగితాన్ని దగ్గరగా చూపిస్తాను. 1850, 1860 జనగణనల్లో బానిసలకు వేరే పట్టిక ఉండేది. ఎడమ గడిలో యజమాని పేరు, పూర్తిగా, అందమైన చేవ్రాతతో ఉంటుంది. దాని పక్కన వయసు, లింగం, రంగు. ఆ తర్వాత పారిపోయాడా, విడుదల చేశారా, మూగా, గుడ్డా, మతి లేదా అనే గడులు. మనిషి పేరుకు మాత్రం గడి లేదు. ముప్పై ఏళ్లు, ఆడ, నలుపు; పదేళ్లు, మగ, నలుపు; ఆరు నెలలు, ఆడ, మిశ్రమ వర్ణం. ఈ ముగ్గురూ తల్లీబిడ్డలో కాదో పట్టిక చెప్పదు. 1860లో ఇలా 39 లక్షల 53 వేల మందిని రాశారు. వాళ్లు జనగణనలో పేర్లతో కనిపించేది 1870లోనే, అందుకే తమ పూర్వీకులను వెతుక్కునే నల్లజాతి కుటుంబాలకు ఆ ఏడాది వెనక పెద్ద గోడ అడ్డొస్తుంది. విముక్తి తర్వాత పెట్టిన ప్రభుత్వ బ్యూరో రికార్డులు, వివాహాల నమోదులు, చర్చి పత్రికల్లో దశాబ్దాల పాటు తల్లులు బిడ్డల కోసం, అన్నలు చెల్లెళ్ల కోసం వేయించిన ‘ఆచూకీ తెలుపగలరు’ ప్రకటనలు పట్టుకుని పరిశోధకులు ఆ గోడకు ఒక్కొక్క ఇటుకే తీస్తున్నారు. యుద్ధానికి ముందు డెబ్భై ఏళ్లలో వర్జీనియా వైపు నుంచి పత్తి పండే లోతట్టు దక్షిణాదికి అమ్ముడైపోయి, లేదా యజమానులతో తరలిపోయి వెళ్లినవాళ్లు దాదాపు పది లక్షల మంది. ఆ ప్రకటనల వెనక ఉన్నది ఆ సంత.

నోటి మాటలకు కూడా పరీక్ష తప్పదు. 1936 నుంచి 1938 దాకా అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకు పని కల్పిస్తూ, ఒకప్పుడు బానిసలుగా బతికిన 2,300 మందికి పైగా వృద్ధుల జ్ఞాపకాలను రాయించింది. ఆ కుర్రాడు అడిగిన మాటలు అవే. చార్ల్‌స్టన్‌లోని ఒక ముసలమ్మను ఇద్దరు వేర్వేరుగా కలిశారు. తెల్ల ఆవిడ వచ్చి అడిగినప్పుడు ముసలమ్మ తన పాత యజమానిని మంచివాడన్నది. వచ్చినావిడ సహాయం ఇచ్చే కార్యాలయం మనిషని అనుకున్నది. నల్లజాతి యువకుడొకరు అడిగినప్పుడు అదే అమ్మ కొరడా దెబ్బల గురించి, తల్లుల నుంచి లాక్కుని అమ్మేసిన పిల్లల గురించి చెప్పింది. రెండూ అచ్చయ్యాయి, ఆమె ఇంటిపేరు సైతం ఒకచోట హామ్లిన్ అని, ఇంకోచోట హామిల్టన్ అని పడింది. ఏది నిజమని తేల్చే ముందు, అడిగింది ఎవరు, చెప్పేవాళ్లు ఆ పూట ఎవరి దయ మీద బతుకుతున్నారు అని చూడాలన్న పాఠం నాకు ఆ రెండు ఇంటర్వ్యూలు నేర్పినంతగా మరేదీ నేర్పలేదు. ఆ 1936లోనే నిజాం ప్రభుత్వం ఇక్కడ భగేలా ఒప్పందాల మీద, అంటే అప్పు కింద దొర దగ్గర కట్టుబడి పనిచేసే జీతగాళ్ల ఒప్పందాల మీద, నిబంధన తెచ్చింది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ప్రభుత్వం వైపు కాగితాలు దొరుకుతాయి గానీ, భగేలాల నోటి మాటలను ఊరూరా తిరిగి రాయించిన అలాంటి సంపుటాలు నాకు కనబడలేదు. వెట్టి, అమెరికా బానిసత్వం ఒకటేనని నేననడం లేదు. వెట్టివాణ్ణి వేలం పలకలేదు, అతని బిడ్డ పుట్టుకతో ఇంకొకరి ఆస్తి కాదు. ఆ తేడా తెలియడానికైనా రెండూ చదవాలి.

ఎంతమంది చనిపోయారన్న అంకె కూడా రాతిమీద చెక్కింది కాదు. వందేళ్లకు పైగా అందరూ 6 లక్షల 20 వేలని రాశారు. 2011లో డేవిడ్ హ్యాకర్ అనే జనాభా చరిత్రకారుడు 1860, 1870 జనగణనల్లో ఆ ఈడు మగవాళ్లు ఎంతమంది తగ్గారో ఆడవాళ్లతో పోల్చి లెక్కగట్టి, అది సుమారు 7 లక్షల 50 వేలు ఉండవచ్చునన్నాడు. చనిపోయిన నల్లవాళ్ల లెక్క ఇంకా కొరుకుడు పడనిదే, కారణం మళ్లీ ఆ పేరు లేని గడులే.

మనకెందుకు ఇదంతా అనే పాఠకులకు ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న బీరార్‌ను గుర్తుచేస్తాను. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ కింద నిజాం నాసిరుద్దౌలా 1853లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ఆ పత్తి నేల, అమెరికా యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు దూది ఆగిపోగానే, బ్రిటిష్ వాళ్లకు కొంగుబంగారమైంది. బొంబాయి వర్తకులు ఆ నాలుగేళ్లలో కోట్లు గడించి, 1865లో యుద్ధం ఆగిందన్న కబురుతో దివాలా తీశారు. బీరార్‌ను తిరిగి రాబట్టాలని నిజాం దివాన్ సాలార్‌జంగ్ ఎన్నేళ్లు తిరిగినా పని కాలేదు. పత్తి ఒక వైపు దారి అయితే, రెండో వైపు దారి పుణేలో ఉంది: 1873లో జోతిబా ఫూలే తన గులాంగిరీ పుస్తకాన్ని, నల్లవారి బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా సజ్జనులకు అంకితమిచ్చాడు. యుద్ధం ముగిసిన ఎనిమిదేళ్లకే, ఏ చరిత్రకారుడి సాయమూ లేకుండా, అది దేని గురించి జరిగిన యుద్ధమో ఆయనకు తెలిసింది.

మా తమ్ముడి మనవరాలు గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్‌లో ఉంటోంది. ఆ చుట్టుపక్కల జిరాక్సు షాపుల్లో అమ్మే మెటీరియల్ ఒకటి పోయిన నెల చూపించింది. ‘అమెరికా అంతర్యుద్ధానికి తక్షణ కారణం’ అన్న బిట్టుకు సుంకాల విధానం అన్నదాని పక్కన నీలి ఇంకుతో టిక్కు. తయారు చేసిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం, నేను రాయించిన నోట్సూ అంతకంటే గొప్పదేమీ కాదు. మీ పత్రిక విద్యా పేజీని ఆ వీధిలో ఎంతమంది కత్తిరించి దాచుకుంటారో మీకు నాకన్నా బాగా తెలుసు. అందుకని ఒక్కటే కోరుతున్నాను: వ్యాసానికి సవరణ వేయకపోయినా ఫరవాలేదు, మిసిసిపీ ప్రకటనను తెలుగులో అచ్చువేయండి. చాలా చిన్నది, మీ పుటలో సగం కూడా పట్టదు. అనువాదం నేను చేసి ఇస్తాను. సగం ఇప్పటికే అయింది, మిగతాది వచ్చే శుక్రవారానికి మీ కార్యాలయంలో అందజేయగలను. పారితోషికం అక్కర్లేదు, ప్రూఫు మాత్రం ఒకసారి నన్ను చూడనివ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
నల్లకుంట, హైదరాబాద్